విల్లుకు తగిన బాణమేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి క్రీడా శిబిరాల గురించి మీ విశాఖ అనుబంధంలో వేసిన కథనంలో విలువిద్యకూ చోటిచ్చారు, సంతోషం. కానీ అందులో తల్లిదండ్రులకు ఇచ్చిన ఒక సలహా తలకిందులుగా ఉంది. డబ్బంతా విల్లు మీద పెట్టమన్నారు. బాణాలు ఏవైనా నడుస్తాయి, కాస్త గట్టివి తీసుకుంటే ఎక్కువ రోజులు మన్నుతాయి అన్నారు. ఆ మాట పట్టుకుని దుకాణానికి వెళ్ళినవాళ్ళు 20 పౌండ్ల విల్లు (నారి లాగడానికి అంత బలం పట్టేది) కొని, దానికి 40 పౌండ్ల విల్లుకు వేయాల్సిన బాణాలు తెచ్చుకుంటారు. ఇక ఆ పిల్లవాడు ఎంత నిలకడగా లాగి వదిలినా బాణాలు గురికి ఎడమ పక్కనే గుచ్చుకుంటాయి. చుట్టూ ఉన్నవాళ్ళు మోచెయ్యి దించావని, వేళ్ళు బిగించావని వాడినే సరిచేస్తారు. వాడు మెల్లగా గురిని కుడికి జరుపుకోవడం నేర్చుకుంటాడు. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పించడంకన్నా కష్టం.

నగరంలో పిల్లలకు విలువిద్య నేర్పే కొందరం కలిసి రాస్తున్న ఉత్తరమిది. పొడుగైతే మన్నించాలి. కొలతలు లేకుండా చెబితే ఇదీ మీ కథనంలాగే తయారవుతుంది.

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చినప్పటి నుంచి 'సురేఖ వేసే బాణాలే మా అమ్మాయికీ కావాలి' అనేవాళ్ళు పెరిగారు. అభిమానం సరే. కానీ ఆమెది కాంపౌండ్ విల్లు. చక్రాలుంటాయి, వేళ్ళతో కాకుండా రిలీజ్ అనే చిన్న పరికరంతో వదులుతారు, పోటీల్లో 60 పౌండ్ల వరకు బలాన్ని అనుమతిస్తారు. ఆ బలానికి తయారైన బాణపు కాడ, శిబిరంలో పదేళ్ళ పిల్ల పట్టుకునే 18 పౌండ్ల చెక్క విల్లులో ఇనుప చువ్వతో సమానం. మన రాష్ట్రానికే చెందిన విలుకాడు బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్, అంటే చక్రాలు లేకుండా, కొసలు ముందుకు వంగి, వేళ్ళతో వదిలే విల్లు. అతని బాణమూ అతని బలానికి, అతని చేతుల పొడవుకు కోసుకున్నదే. ఇంకొకరి కళ్ళద్దాలు పెట్టుకున్నట్టే ఇదీ.

ముందు అసలు సంగతి. బాణం నారి నుంచి చువ్వలా తిన్నగా దూసుకుపోతుందనుకుంటాం. పోదు, వంగుతూ పోతుంది. వేళ్ళతో వదిలినప్పుడు నారి వేళ్ళ కొసల మీదుగా జారుతూ కాస్త పక్కకు తప్పుకుంటుంది. వెనక నుంచి ఒక్కసారిగా తోపు, ముందు కదలనని మొరాయించే ములికి బరువు. ఈ రెంటి మధ్య నలిగి కాడ వంగుతుంది. కుడిచేతి వాటం వాళ్ళకు దాని నడుము మొదట విల్లు వైపు, ఆ తర్వాత అవతలి వైపు వంగి, తోక విల్లును తాకకుండా తప్పుకుని బయటపడుతుంది. 1930ల్లో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ హైస్పీడ్ కెమెరాతో తీసి చూపించిన వ్యవహారమిది. ఈ వంపు విల్లు తోపుకు సరిగ్గా అమరితే బాణం విల్లును చేపలా చుట్టుకుని గురి వైపు తిరుగుతుంది. మరీ బిరుసైతే వంగక, విల్లుకు ఒరుసుకుంటూ ఎడమకు పోతుంది. మరీ మెత్తనైతే అతిగా వంగి కుడికి పోతుంది. ఎడమచేతి వాటం వాళ్ళకు ఇది తిరగేసి చదువుకోవాలి.

ఆ బిరుసును కొలిచే అంకెనే స్పైన్ అంటారు. కాడను 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, సరిగ్గా మధ్యన 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. నడుము అర అంగుళం దిగితే దాని స్పైన్ 500. ముప్పాతిక అంగుళం దిగితే 750. ఒక అంగుళం దిగితే 1000. అంటే అంకె పెరిగేకొద్దీ కాడ మెత్తనవుతుంది. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కూడా ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వెయ్యి అంటే ఐదొందలకన్నా రెట్టింపు గట్టిది కాబోలనుకుంటారు. అల్యూమినియం బాణాల మీద ఉండే 1816 లాంటి అంకెలది మరో దారి. అది స్పైన్ కానే కాదు. మొదటి రెండంకెలు అంగుళంలో 64వ వంతుల్లో కాడ మందం, చివరి రెండు అంగుళంలో వెయ్యో వంతుల్లో గోడ మందం. కాబట్టి డబ్బా మీద అంకె చూడగానే అది ఏ రకం కాడో అడగాలి.

ఇప్పుడు విల్లు సంగతి. లింబ్ (విల్లులో వంగే కొమ్మ) మీద 68-24 అని ఉంటే విల్లు పొడవు 68 అంగుళాలు, లాగుడు బలం 24 పౌండ్లు అని అర్థం. ఆ 24 పౌండ్లు నారిని 28 అంగుళాల వరకు లాగితే వచ్చేవి. ఈ 28లో కూడా ఒక మెలిక ఉంది. నాక్ (నారికి తొడిగే బాణం తోక) గాడి నుంచి విల్లు పిడి గుంట వరకు ఉన్న దూరానికి ఒకటీ ముప్పాతిక అంగుళం కలిపితే వచ్చే లెక్క అది. అంటే నారి అసలు 26 అంగుళాల పావు వరకే వస్తుంది. మన పదమూడేళ్ళ పిల్లవాడు ఈ లెక్కలో 25 దగ్గరే ఆగిపోతాడు. అంగుళానికి ఒకటిన్నర నుంచి రెండున్నర పౌండ్ల దాకా తేడా ఉంటుంది కాబట్టి వాడి వేళ్ళ మీద పడేది 18, 19 పౌండ్లు. లేబుల్ చూసి 24కి బాణం కొంటే అక్కడే ఒక మెట్టు బిరుసెక్కింది. దీనికి తోడు, లింబ్‌లను విడిగా అమర్చుకునే విల్లుల్లో ఆ అంకె, పిడి ఉండే నడిమి భాగమైన 25 అంగుళాల రైజర్‌కు రాసినది. అవే లింబ్‌లు 23 అంగుళాల రైజర్‌కు బిగిస్తే సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది.

అందుకే లేబుల్‌ను నమ్మకుండా తూచుకోవాలి. దానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు, ప్రయాణాలకు పెట్టెలు తూచే డిజిటల్ కాటా చాలు. పొడవైన బాణం ఒకటి నారికి తొడిగి, పిల్లవాడిని గడ్డం దగ్గర తన యాంకర్ (లాగిన చెయ్యి ఆగే చోటు) వరకు మామూలుగా లాగమనండి. పక్కన ఒకరు నిలబడి, రైజర్‌లో ప్లంజర్ (బాణాన్ని పక్క నుంచి ఆనించే స్ప్రింగు పుల్ల) దూరే బెజ్జానికి ఎదురుగా బాణం మీద పెన్నుతో గీత పెట్టండి. మొదటి రెండు మూడు లాగుళ్ళు ఎప్పుడూ పొట్టిగానే వస్తాయి. పదిసార్లు లాగించి చివరి నాలుగైదు గీతలు ఎక్కడ గుమిగూడాయో చూడండి. నాక్ గాడి నుంచి ఆ గీత వరకు ఉన్న పొడవే అసలైన లాగుడు. ఇప్పుడు కాటా కొక్కెం నారికి తగిలించి, గీత బెజ్జం దగ్గరకు వచ్చేదాకా మెల్లగా లాగి, అంకె చదివి, అంతే మెల్లగా దించండి. కొక్కెం నుంచి నారిని చటుక్కున వదిలేయకూడదు, లింబ్ పగలొచ్చు. కాటా 9 కిలోలు చూపిస్తే 2.2తో హెచ్చవేయండి, 20 పౌండ్లకు కాస్త తక్కువ. మీ లెక్కకు కావలసిన అంకె ఇదే.

ఇంకా విల్లే లేనివాళ్ళు రెండు చేతులూ బారచాపి కొలుచుకుని, అంగుళాల్లో వచ్చినదాన్ని రెండున్నరతో భాగించాలి. బార 65 అంగుళాలుంటే లాగుడు 26 దగ్గర. ఇది బోణీకే, బాణం కోయడానికి పనికిరాదు.

బాణం పొడవు దగ్గర కాసేపు ఆగాలి. ఇక్కడ పొరపాటు జరిగితే గురి తప్పడంతో పోదు, చెయ్యి పోతుంది. బాణం లాగుడు కన్నా పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు ములికి రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) దాటి వెనక్కి వచ్చేస్తుంది. అక్కడి నుంచి జారి రైజర్ లోపలి వైపున, లేదా పిడి పట్టుకున్న చేతి మీద వాలుతుంది. పిల్లవాడి చూపు గురి మీద ఉంటుంది, ఇది గమనించడు. ఆ క్షణంలో వేళ్ళు వదిలితే కాడ రైజర్‌కు గుద్దుకుని విరుగుతుంది. కార్బన్ కాడ విరిగిందంటే నిలువునా చీలి సూదుల్లాంటి పీలికలవుతుంది. అవి బొటనవేలి మొదట్లోంచి అరచేతిలోకి దిగుతాయి. శిబిరాల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకే బాణాల పొది పంచుకోవడం మేము ఒప్పుకోనిది ఇందుకే. తమ్ముడి బాణం అన్నకు పొట్టి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ లాగుడు మొదటి కొన్ని నెలల్లో భుజం తెరుచుకునేకొద్దీ ఒక అంగుళం దాకా పెరగడం మామూలే. పిల్లల చేతులు ఎలాగూ పెరుగుతాయి. కాబట్టి గీత దగ్గర నుంచి ముందుకు కనీసం రెండు అంగుళాలు వదలాలి. భంగిమ కుదిరి, క్లిక్కర్ (పూర్తిగా లాగగానే టక్కుమనే రేకు) వాడే పెద్దవాళ్ళకు అంగుళం చాలు. పొడుగు బాణం వల్ల వచ్చే నష్టం చిన్నది: కాస్త బరువు, కాస్త నిదానం, దూరంలో కొంచెం కిందకు దిగుతుంది. కోయడం ఎప్పుడైనా కోయొచ్చు, అతకడం కుదరదు.

దుకాణంలో పొడవు చెప్పేటప్పుడు నాక్ గాడి నుంచి కాడ చివర వరకు అని నోరు తెరిచి చెప్పాలి. ములికి కలపరు. కొందరు నాక్ వెనక అంచు నుంచి ములికి మొన దాకా కొలిచి 28 అంటారు. అక్కడ అంగుళానికి పైగా తేడా వచ్చేస్తుంది. అంగుళమే కదా అనుకోవద్దు. కాడ వంగే లెక్క పొడవు ఘనంతో పెరుగుతుంది. 28 అంగుళాల కాడను 29 చేస్తే సుమారు 11 శాతం ఎక్కువ వంగుతుంది, 30 చేస్తే 23 శాతం. 700 అని అచ్చేసిన కాడే 30 అంగుళాల పొడవున 860 లాంటి మెత్తని కాడలా నడుచుకుంటుందన్నమాట. అందుకే పొడవు, బిరుసు అని రెండు వేర్వేరు ప్రశ్నలు లేవు. పొడవు తేల్చకుండా స్పైన్ చెప్పేవాడి మాట వినక్కర్లేదు.

పాఠకులకు ఒక ఆనవాలు ఉండాలి కాబట్టి, 28 అంగుళాల కాడ, 100 గ్రెయిన్ల దరిదాపు ములికి, వేళ్ళతో వదిలే రికర్వ్ విల్లు అనుకుని చెబుతున్నాం. వేళ్ళ మీద 20 నుంచి 24 పౌండ్లు పడితే 1000 చుట్టుపక్కల స్పైన్‌తో మొదలుపెట్టండి. 30కి 800, 35కి 700, 40కి 600కి కాస్త లోపల. ఇవి దారి చూపే అంకెలు మాత్రమే. కొనేటప్పుడు ఆ కాడ తయారుచేసిన కంపెనీ చార్టే చూడాలి, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఒక్కో ములికి బరువు అనుకుని చార్టు వేస్తుంది. గ్రెయిన్ అంటే తెలియనివాళ్ళకు: 100 గ్రెయిన్లు దాదాపు ఆరున్నర గ్రాములు. ములికి బరువు పెంచితే కాడ ఎక్కువ వంగుతుంది, అంటే మెత్తనవుతుంది. తగ్గిస్తే బిరుసెక్కుతుంది. నారి కూడా లెక్కలోకి వస్తుంది. సాగే డాక్రాన్ నారి తీసేసి, సాగని కొత్తరకం నారి వేస్తే అదే విల్లు గట్టిగా తంతుంది, నిన్నటిదాకా సరిపోయిన బాణం ఇవాళ మెత్తనైపోతుంది. నారి మార్చి బాణాన్ని తిట్టడం మైదానంలో రోజూ చూసే వినోదం. అన్నట్టు, కొసలు బలపరచని శిబిరపు చెక్క విల్లులకు ఆ కొత్తరకం నారి అసలు వేయకూడదు. కొసలు కోసుకుపోతాయి.

అచ్చు చెరిగిపోయిన పాత బాణాలో, వెదురు బాణాలో చేతిలో ఉంటే స్పైన్ ఇంట్లోనే కొలుచుకోవచ్చు. పూర్ణా మార్కెట్‌లో దొరికే మామూలు చెక్క పలక, రెండు నున్నటి మేకులు, స్టీలు స్కేలు, ఒక నీళ్ళ సీసా ఉంటే చాలు. మేకుల మధ్య ఎడం 71 సెంటీమీటర్ల 1 మిల్లీమీటరు, అదే 28 అంగుళాలు. సీసా, కొక్కెం, దారం అన్నీ కలిపి వంటింటి కాటా మీద 880 గ్రాములు వచ్చేదాకా నీళ్ళు సర్దండి. కాడను మేకుల మీద పెట్టి, మధ్యలో వెనక స్కేలు నిలబెట్టి, కాడ పై అంచు ఎక్కడుందో రాసుకోండి. సీసా తగిలించి, ఊగడం ఆగాక మళ్ళీ అదే పై అంచు చదవండి. కన్ను కాడకు సమానంగా ఉండాలి, పైనుంచి చూస్తే ఒక మిల్లీమీటరు మింగేస్తుంది. ఒక మిల్లీమీటరు అంటే స్పైన్‌లో దాదాపు 40. దిగింది 15 మిల్లీమీటర్లనుకోండి, 39.4తో హెచ్చవేస్తే 591. అది 600 కాడ అన్నమాట. కాడ పొట్టిదై 28 ఎడానికి అందకపోతే మేకులు 26కి జరిపి, వచ్చిన వంపును ఒకటింపావుతో హెచ్చవేయండి. 14 మిల్లీమీటర్లు దిగితే పదిహేడున్నర, అంటే 690.

బాణం కోసేటప్పుడు ములికి వైపు నుంచి, ఒక్కసారికి పావు నుంచి అర అంగుళం. కార్బన్‌ను హాక్సా రంపంతో కోస్తే పోగులు విడిపోయి, ములికి పెట్టిన నాలుగు రోజులకే మొదట్లో చీలుతుంది. వేగంగా తిరిగే సన్నటి కటింగ్ వీల్ మీదే కోయించాలి. గ్రానైట్, టైల్స్ పనివాళ్ళ దగ్గర ఉండే మందపాటి వీల్ దీనికి వద్దు. కోసేటప్పుడు వచ్చే నల్లటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు కట్టుకుని బయట గాలిలో కోయాలి. కోసిన అంచును తడిపిన సన్న గరుకు కాగితం మీద నిలువుగా తిప్పి చదును చేసి, దూది ఉండతో చుట్టూ తుడవండి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ చీలిక మొదలైనట్టే. లోపల స్పిరిట్‌తో తుడిచాక ములికి అతికించాలి. జిగురు కరిగించడానికి వేడి ములికికి చూపించాలి, కాడకు చూపిస్తే రెసిన్ చచ్చిపోతుంది.

ఇక సరిపోయిందో లేదో తేల్చే పరీక్ష. చార్టు చెప్పేది ఊహ, ఇది సాక్ష్యం. 18 మీటర్ల దగ్గర పిల్లవాడి బాణాలు అన్నం పళ్ళెమంత చోట పడుతున్నప్పుడే దీనికి పూనుకోండి. అంతకు ముందు చేస్తే కొలిచేది వాడి తప్పులనే. ముందు విల్లు సర్దుకోవాలి. 68 అంగుళాల విల్లుకు నారి నుంచి పిడి గుంటకు ఎనిమిదిన్నర, ఎనిమిదీ ముప్పాతిక అంగుళాల ఎడం. నాక్ పాయింట్ (నారి మీద బాణం తొడిగే చోటు) రెస్ట్ నుంచి నారికి గీసిన లంబానికి 6 మిల్లీమీటర్లు పైన. వెనక నుంచి చూస్తే ములికి మొన నారి గీతకు ఒక్క వెంట్రుక ఎడమగా కనిపించాలి. నాక్ నారిని మరీ బిగించి పట్టుకోకూడదు, వదులుగానూ ఉండకూడదు. బాణాన్ని నారికి తొడిగి కిందకు వేలాడదీసి, దగ్గరలో నారి మీద వేలితో చిన్నగా తడితే ఊడి పడాలి. తట్టకుండానే పడిందంటే ఏదో ఒకరోజు ఉత్తి నారి వదిలినట్టవుతుంది, విల్లు పగిలేది అలాగే.

ఒకే డజనులోంచి ఆరు బాణాలు ఈకలతో, రెండు మూడు బాణాలు ఈకలు పీకేసి తీసుకోండి. ఈకల బరువుకు బదులు ఆ చోట టేపు చుట్టండి. ఒకే గురికి అన్నీ వేయండి. ఈకలున్నవి గాలిలో తమ తప్పును తామే దిద్దుకుంటాయి. బోడి బాణానికి ఆ వీలు లేదు, తన బిరుసును దాచుకోలేదు. కుడిచేతి వాటం పిల్లవాడికి బోడి బాణాలు గుంపుకు ఎడమన పడితే కాడ బిరుసు. ములికి బరువు పెంచండి, లింబ్ బోల్టులు బిగించి కాస్త బలం పెంచండి, లేదా ప్లంజర్ స్ప్రింగ్ వదులు చేయండి. కుడిన పడితే కాడ మెత్తన. పావు అంగుళం కోయండి, ములికి తగ్గించండి, లేదా స్ప్రింగ్ బిగించండి. గుంపుకు కింద పడితే నాక్ పాయింట్ ఎక్కువ ఎత్తున ఉంది, పైన పడితే కిందకుంది. దీన్ని ముందు సరిచేసి ఆ తర్వాతే కుడిఎడమలు చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే. 18 మీటర్లలో గుంపుకు నాలుగు వేళ్ళ వెడల్పు లోపల బోడి బాణం పడితే పిల్లవాడికి అది చాలు, అక్కడ ఆపేయండి. రెండు జానల దూరంలో పడితే ప్లంజర్ తిప్పుతూ కూర్చోవద్దు. ప్లంజర్ చిన్న తేడాను సర్దుతుంది, తప్పు కాడను ఒప్పు చేయదు.

విశాఖలో ఈ పరీక్ష ఉదయమే ముగించాలి. పొద్దెక్కి సముద్రపు గాలి లేచాక బోడి బాణం గాలి ఎటు చెబితే అటు పోతుంది. పక్కగాలికి కుడిన పడిన బాణాన్ని చూసి మెత్తనని పావు అంగుళం కోసేసినవాళ్ళున్నారు. బాణం బయటికి పోతూ విల్లుకు తగులుతోందని అనుమానమొస్తే రెస్ట్ చుట్టూ, రైజర్ పక్కన టాల్కం పౌడరు అద్ది వేయించండి. ఈక గీరిన గీత తెల్లటి పొడిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉప్పుగాలికి ప్లంజర్ లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టి బిగుసుకుపోవడం కూడా మన ఊరి జబ్బే. మంచి బాణం ఒక నెలలో బిరుసెక్కినట్టు తోస్తే ముందు అది విప్పి చూడండి.

వెదురు విల్లుతో 30, 50 మీటర్లలో ఆడే ఇండియన్ రౌండ్ పిల్లలది వేరే సమస్య. ఆ విల్లుకు బాణం నడుమన పోయే గాడి ఉండదు, పిడి పక్క నుంచి పోతుంది. పిడి మందమంతా చుట్టుకుని గురి వైపు తిరగాలి కాబట్టి అదే బలానికి ఇంకా మెత్తటి కాడ కావాలి. ఆ పిల్లవాడే రికర్వ్‌కు మారి, పాత బాణాలు, పాత కొలత వెంట తెచ్చుకుంటే అన్నీ కుడికి పోతాయి. కంగారు పడనక్కర్లేదు, కాడ మార్చాలి. వెదురు కాడ అన్ని పక్కలా ఒకేలా వంగదు కూడా. సీసా పరీక్షలో పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగుసార్లు కొలిచి, ఎక్కువ బిరుసున్న పక్క రంగు చుక్క పెట్టి, ఆ చుక్క ఎప్పుడూ విల్లు వైపుండేలా నాక్ కోయించాలి. ఒక డజనులో వంపు తేడా మిల్లీమీటరు లోపల, బరువు తేడా అర గ్రాము లోపల ఉన్నవే కలిపి ఉంచాలి. మిగతావి సాధనకు. మన వానాకాలపు తేమకు వెదురు నీరు పట్టి మెత్తబడుతుంది, వంకర తిరుగుతుంది. వార్నిష్ కాడకు వేసి కోసిన కొసలకు వేయకపోతే తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. జూన్‌లో కొలిచిన బాణాన్ని నవంబరులో మళ్ళీ కొలవండి.

చివరగా, బడులూ శిబిరాలూ సామాను రాయించే పద్ధతి. 'ఆర్చరీ కిట్లు 20' అని ఒకే వరుసలో ఇండెంట్ రాస్తారు. వచ్చేది అందరికీ ఒకే పొడవు, ఒకే స్పైన్. ఆరో తరగతి పిల్లకూ పదో తరగతి పిల్లవాడికీ అదే. దాని బదులు పిల్లల పేర్ల పక్కన వేళ్ళ మీద పౌండ్లు, పెన్ను గీత వరకు లాగుడు, కావలసిన కాడ పొడవు, స్పైన్, ములికి బరువు రాస్తే చాలు. ఇరవై మందిని కొలవడానికి ఒక ఉదయం పడుతుంది. రాస్తే తెలుస్తుంది, ఇరవై మందికి సాధారణంగా మూడు నాలుగు రకాల బాణాలతో సరిపోతుంది, ఖర్చేమీ పెరగదు. నాక్ దగ్గర ఒక్కో రకానికి ఒక్కో రంగు టేపు చుడితే పొదులు కలిసిపోవు. మూడు నెలలకోసారి, లేదా చొక్కా చేతులు మణికట్టు దాటి పైకి వెళ్ళినప్పుడల్లా పెన్ను గీత మళ్ళీ పెట్టి చూడండి. గీతకూ కాడ చివరకూ మధ్య అంగుళం కూడా మిగలకపోతే ఆ బాణాలు ఆ పిల్లవాడి దగ్గర నుంచి అదే రోజు తీసేసి, కొలిచి, తగిన చిన్నవాడికి ఇవ్వండి.

మీ అనుబంధంలో సవరణ వేసేటట్టయితే ఇదంతా వేయనక్కర్లేదు. పెన్ను గీత పెట్టే పద్ధతి, రెండు అంగుళాలు వదలడం, స్పైన్ అంకె పెరిగితే కాడ మెత్తనవుతుందన్నది వేస్తే చాలు. 'గట్టివైతే మన్నుతాయి' అన్న వాక్యం మాత్రం వెనక్కి తీసుకోండి. వచ్చే బ్యాచ్ వాళ్ళు అది కత్తిరించుకుని దుకాణానికి పట్టుకెళ్తున్నారు.

ఇట్లు,
కొందరు విలువిద్య శిక్షకులు,
విశాఖపట్నం.